20 ఏళ్ల సర్వీసు, అవే ఊళ్లు, అవే పోళ్లు

ఈ నెలతో కరెంటు డిపార్ట్‌మెంటులో నాకు 20 ఏళ్లు నిండాయి. 2006లో జూనియర్ లైన్‌మన్‌గా చేరాను, ఇప్పుడు లైన్‌మన్‌ని. సెక్షన్ ఆఫీసులో శాలువా కప్పారు, స్వీట్లు పంచారు, మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సార్ నాలుగు మంచి మాటలు చెప్పారు, ఫొటోలు గ్రూపులో పెట్టారు. చాలా సంతోషం అనిపించింది. ఇంటికొచ్చాక మాత్రం ఒక ఆలోచన పట్టుకుంది. ఇన్నేళ్లలో నాకు వచ్చిన పని ఏంటి, అది ఎక్కడ రాసి ఉంది? సర్వీసు రిజిస్టర్ తెరిస్తే చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, పెట్టిన సెలవులు ఉంటాయి. నేను నిజంగా నేర్చుకున్నది అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. అందుకే ఇది రాస్తున్నా.

ఒకే సంస్థలో 20 ఏళ్లు అంటున్నారు గానీ, ఈలోపు సంస్థ పేరే మూడు రకాలైంది. ఉత్తర జిల్లాలకు కరెంటు పంపిణీ చేసే మా సంస్థ నేను చేరినప్పుడు ఏపీఎన్‌పీడీసీఎల్, 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్‌ఎన్‌పీడీసీఎల్, 2024 నుంచి టీజీఎన్‌పీడీసీఎల్. హెడ్డాఫీసు ఇప్పుడు హనుమకొండ నక్కలగుట్టలో ఉంది. మేం పనిచేసే ఊళ్ల సంగతి కూడా అంతే. చేరినప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబరులో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. బిల్లు మీద పేర్లు మారాయి, ఆఫీసు బోర్డులు మారాయి. వెంకటాపూర్, పాలంపేట, గోవిందరావుపేట వైపు పొలాల్లో మా పోళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. మధ్యలో కొంతకాలం వేరే సెక్షన్లలో చేసినా, నా సర్వీసులో ఎక్కువ భాగం ఈ పక్కనే గడిచింది.

మా ఉద్యోగానికి రాత పరీక్ష కంటే పోలు ఎక్కే పరీక్షకే భయపడేవాళ్లు. ఎనిమిది మీటర్ల సిమెంటు పోలు, అందరూ చూస్తుండగా ఎక్కి దిగాలి. నాకు అది కష్టం కాలేదు, చిన్నప్పటి నుంచి తాటిచెట్ల మధ్య పెరిగినవాణ్ని. అసలు పని మొదలయ్యాకే అర్థమైంది, ఈ ఉద్యోగంలో ఎక్కడం చాలా చిన్న సంగతి. ఎక్కేముందు చేసేదే పెద్ద సంగతి.

అది నేర్పింది మా సీనియర్ లైన్‌మన్. అందరం ఆయన్ని కాక అనే పిలిచేవాళ్లం, రిటైరై ఇప్పుడు ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. 11 కేవీ లైను మీద పని అంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి, అంటే లైన్ క్లియర్. ఆపరేటర్ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే ఆ లైను, ఆపి, రిజిస్టర్‌లో టైము, పేరు రాసుకుని, ఆగింది అని చెప్తాడు. చాలామందికి అక్కడితో అయిపోయినట్టే అనిపిస్తుంది. కాకకు అక్కడ మొదలయ్యేది. ఫోన్లో ఫీడర్ పేరు తను చెప్పి, మళ్లీ ఆపరేటర్ నోటితో చెప్పించుకునేవాడు. తర్వాత పని జరిగే చోట లైనును విడదీసే ఏబీ స్విచ్ దింపి, కింద నిలబడి తలెత్తి, మూడు బ్లేడ్లూ విడిపోయాయా లేదా అని ఒక్కోటీ చూసేవాడు. పాత స్విచ్‌లకు ఒక్కోసారి రెండు బ్లేడ్లు విడిపోతాయి, మూడోది తుప్పు పట్టి అక్కడే అతుక్కుని ఉంటుంది. హ్యాండిల్ మాత్రం పూర్తిగా కిందికి దిగినట్టే కనపడుతుంది. ఆ తర్వాత పనిచేసే పోలుకు అటూ ఇటూ రెండు వైపులా ఎర్త్ చేయాలి, అంటే వైర్లను భూమికి కలపాలి. ఒకవైపు చేస్తే సరిపోదా కాకా అని అడిగితే కోపం చేయలేదు, నెమ్మదిగా చెప్పాడు.

"కరెంటు సబ్‌స్టేషన్ దిక్కునుంచే వస్తదని ఎవరు చెప్పిన్రు నీకు? ఎటునుంచైనా వస్తది. ఆపరేటర్ చెప్పినా నమ్మకు, ఏఈ సారు చెప్పినా నమ్మకు, నేను చెప్పినా నమ్మకు తమ్మీ. పోయి చూడు, చూసినంకనే ఎక్కు."

ఎటునుంచైనా వస్తుందనే మాట ఎంత నిజమో కొన్నేళ్లకు తెలిసింది. మా బ్యాచ్‌లో చేరిన ఒక మిత్రుడు, నాతో ఒకే గదిలో ఉన్నవాడు, వేరే సెక్షన్‌లో పోలు మీదే చనిపోయాడు. ఎల్‌సీ ఉంది, ఫీడర్ ఆగే ఉంది. దగ్గర్లో ఒకచోట పెళ్లి జరుగుతుంటే కరెంటు లేదని జనరేటర్ వేశారు. దానికి చేంజ్ ఓవర్ స్విచ్ లేదు. ఆ జనరేటర్ కరెంటు మెయిన్ లైనులోకి ఎదురెక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటు అటు తేడా తెలియదు. 11,000 వోల్టులను 433కి దించేది అదే, కిందినుంచి 400 ఇస్తే పైన పదివేలకు పైగా చేసేదీ అదే. పెళ్లి చేస్తున్నవాళ్లకు ఈ సంగతి అసలు తెలియనే తెలియదు. వాడి పాపకు అప్పుడు నడక కూడా రాలేదు, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను ఈ 20 ఏళ్లు నిండించాను, వాడు నిండించలేదు. శాలువా కప్పుతున్నప్పుడు నాకు వాడే గుర్తొచ్చాడు.

కాబట్టి ఇది చదివేవాళ్లలో ఎవరి ఇంట్లో, షాపులో, మిల్లులో, ఫంక్షన్ హాల్లో జనరేటర్ ఉన్నా సరే, చేంజ్ ఓవర్ స్విచ్ ఉందో లేదో ఈ రోజే చూడండి. దాన్ని ఒకవైపు తిప్పితే లైను కరెంటు, రెండోవైపు తిప్పితే జనరేటర్ కరెంటు, రెండూ ఎప్పటికీ కలవకూడదు. ఇన్వర్టర్ పెట్టించుకునేటప్పుడు కూడా తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే వైరింగ్ చేయించండి. పెద్ద ఖర్చు కాదు. మీ వాకిట్లో పోలు మీద ఒక మనిషి మీ మీద నమ్మకంతో ఎక్కి ఉంటాడు.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తా. మా వైపు అడవి పందుల కోసం పొలం చుట్టూ బైండింగ్ వైరు కట్టి లైను నుంచి కరెంటు తగిలిస్తారు. పందులేమో గానీ, తెల్లారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన పక్క పొలం రైతు దాని మీద కాలు పెడతాడు. ఎడ్లు పోతాయి, మనుషులు పోతారు. రాత్రి బ్రేక్‌డౌన్‌కు టార్చి పట్టుకుని పొలం గట్ల మీద నడిచేటప్పుడు పాము కంటే ఎక్కువ దీనికే భయపడతాం మేము. పంటను పందులు ఎలా నాశనం చేస్తాయో నాకు తెలుసు, మాదీ రైతు కుటుంబమే. అయినా ఈ పని వద్దు.

నేను చేరిన రోజుల్లో వ్యవసాయానికి ఏడు గంటల కరెంటు. అదీ ఒకేసారి కాదు, పగలు కొంత, రాత్రి కొంత. ఒక వారం ఈ ఊరికి పగలు, ఇంకో వారం రాత్రి. రాత్రి ఒంటిగంటకు కరెంటు వస్తుందంటే రైతులు పన్నెండింటి నుంచే బావుల కాడ కూర్చునేవాళ్లు. తడి నేల, చీకటి, పాత స్టార్టర్ డబ్బా. అప్పుడు మాకు వచ్చే ఫోన్లు ఏ టైముకు వస్తాయో చెప్పలేం. "సారూ, ఫేజు పోయింది, నారుమడి ఎండిపోతాంది, జర్ర రాండ్రి" అని ఒకాయన, "తమ్మీ, టాన్స్‌ఫారం ఉరుముతాంది" అని ఇంకొకాయన. ఫేజు పోయిన రాత్రి ఫ్యూజు వేసి, మోటరు నీళ్లు పోసిందాకా ఆ రైతుతో పాటే గట్టు మీద కూర్చున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఆయన మూటలో తెచ్చుకున్న సద్దిలో నాకూ పెట్టేవాడు.

ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలిపోతాయో అప్పుడే నేర్చుకున్నా. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 5 హెచ్‌పీ మోటర్లు ఐదింటిని మోస్తుంది. కాగితం మీద ఐదే ఉంటాయి. పొలంలోకి పోయి చూస్తే రాయించుకోనివి ఇంకో రెండు మూడు ఉంటాయి, ఐదు అని రాసి ఉన్న మోటరు నిజానికి ఏడున్నర ఉంటుంది. బోర్లలో నీళ్లు లోతుకు పోతుంటే పెద్ద మోటరు పెట్టక రైతు ఏం చేస్తాడు? నేను వాళ్లను తప్పు పట్టలేదు, ఎవరి బోరు కింద ఏ మోటరు ఉందో తెలుసుకుని పెట్టుకున్నా. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వీళ్లే నలుగురు కలిసి ట్రాక్టరులో ఎత్తుకుని రిపేరు షెడ్డుకు వచ్చేవాళ్లు. దగ్గరుండి దింపుకోవడం, మళ్లీ దిమ్మె మీదికి ఎక్కించడం, ఆయిల్ చూడటం, అందరం కలిసే చేసేవాళ్లం. లోడ్ గురించి కోప్పడి చెప్తే ఎవరూ వినలేదు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కాడ కూర్చుని ఒక్కొక్కరి మోటరు లెక్క అందరి ముందు వేసి చూపిస్తే విన్నారు. వాళ్లే వంతులు పెట్టుకున్నారు, పొద్దున నువ్వు మధ్యాహ్నం నేను అని. అలా వంతులు పెట్టుకున్న చోట ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువ కాలం నిలిచాయి.

తర్వాత 2016లో పగటిపూటే తొమ్మిది గంటలు ఇచ్చారు, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. రాత్రి బావుల కాడ కాపలా పోయింది, నా దృష్టిలో ఈ 20 ఏళ్లలో జరిగిన అతిపెద్ద మార్పు ఇదే. కొత్త సమస్య ఆటో స్టార్టర్లతో వచ్చింది. రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అందరూ బిగించుకున్నారు, కరెంటు రాగానే మోటరు దానంతట అదే ఆన్ అయ్యేలా. 24 గంటలు వచ్చాక దాని అవసరమే లేదు. కానీ అవి అలాగే ఉంటే ఫీడర్ ఒక్కసారి పోయి వచ్చినప్పుడల్లా అన్ని మోటర్లూ ఒకే క్షణంలో లేస్తాయి. మోటరు లేచేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అన్నీ ఒకేసారి లాగితే ఫ్యూజులు పోతాయి. పైగా పొలం నిండినా మోటరు ఆగదు, బోరులో నీళ్లు వృథాగా పోతాయి. ఇంటింటికీ తిరిగి తీయించాం. ఒక ముసలాయన ఎంతకీ ఒప్పుకోలేదు. "బిడ్డా, ఇది తీస్తే మళ్ల రాత్రి కరెంటే వస్తదేమో" అన్నాడు. ఎన్నో ఏళ్లు రాత్రిళ్లు మేల్కొన్న మనిషి, ఆయన భయం ఆయనది. ఆ సీజను మొత్తం అయ్యాక ఆయనే పిలిచి తీసెయ్యమన్నాడు.

మేడారం జాతర డ్యూటీ గురించి విడిగా ఎప్పుడైనా రాస్తా. రెండేళ్లకోసారి వచ్చే జాతర, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ నాలుగు రోజుల కోసం అడవిలో ఒక పట్నానికి సరిపడా లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు నిలబెట్టాలి, మళ్లీ కొన్ని విప్పాలి. వేరే జిల్లాల నుంచి కూడా లైన్‌మన్లు వస్తారు. సమ్మక్క తల్లిని చిలకలగుట్ట నుంచి తీసుకొచ్చే గురువారం సాయంత్రం జనమంతా అటు చూస్తుంటే మా కళ్లు గద్దెల చుట్టూ ఉన్న లైట్ల మీదే ఉంటాయి.

కానీ 20 ఏళ్లలో ఒక్క పనిని చెప్పమంటే నేను 2023 జులై చెప్తా. ఆ నెల 27న మా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అప్పటిదాకా ఎప్పుడూ, ఎక్కడా అంత వాన రికార్డు కాలేదు. భూపాలపల్లి వైపు మోరంచపల్లిని వాగు ముంచేసింది, హెలికాప్టర్లు వచ్చి జనాన్ని తీశాయి. ఏటూరునాగారం దగ్గర కొండాయిలో జంపన్నవాగు ప్రాణాలు తీసింది. తెల్లారి చూస్తే మా లైన్లలో ఎక్కడ పోలు నిలబడి ఉందో, ఎక్కడ వైరు నీళ్లలో ఉందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఫీడర్ ఆన్ చేసి చూద్దాం అనేది ఉండదు. ఒక్కో పోలు, ఒక్కో స్పాను (రెండు పోళ్ల మధ్య వైరు) నడిచి చూసుకుంటూ పోవాలి, మొత్తం చూశాకే ముట్టుకోవాలి. నడుము లోతు నీళ్లలో, ఎక్కడ గట్టు ఉందో ఎక్కడ కాలువ ఉందో కనపడని పొలాల్లో నడిచాం.

అప్పుడు తెలిసింది నాకు ఏం వచ్చో. బయటి నుంచి సాయానికి వచ్చిన టీములు మంచి పనిమంతులు, మాకంటే బలమైన కుర్రవాళ్లు. కానీ నీళ్లు కప్పేసిన పొలంలో ఒర్రె ఎక్కడుందో, తూము ఎక్కడుందో, ఏ చింతచెట్టు పక్కనుంచి పోతే మెరక దొరుకుతుందో వాళ్లకు తెలియదు, మాకు తెలుసు. ఏ పోలు మీద రెండు ఫీడర్లు దాటుతాయో, అంటే ఒకటి ఆపినా రెండోది పైన నడుస్తుంటుందో మాకు తెలుసు. ఏ ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు మోటరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో తెలుసు కాబట్టి ముందు దానికి ఇచ్చాం, ఇళ్ల లైట్లు తర్వాత. లారీ, క్రేను పోని చోట ఊరి జనమే పోళ్లను భుజాల మీద మోసుకొచ్చారు. నాట్లు వేసిన పొలాలు ఇసుక మేట వేసి పోయాయి, ఆ బాధలో ఉన్న రైతులే వచ్చి మోశారు. ఒక్కొక్కరి పేరు నాకు తెలుసు, వాళ్ల నాన్నల పేర్లు కూడా. పేరు పెట్టి పిలిచాను కాబట్టి వచ్చారని మాత్రం గట్టిగా చెప్పగలను.

పట్నం వైపు ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమని చాలామంది చెప్పారు. పిల్లల చదువులకు హనుమకొండ మంచిది, అండర్‌గ్రౌండ్ కేబుళ్లు, అపార్ట్‌మెంట్లు, పొలాల్లో తిరగక్కర్లేదు అని. నా భార్య ఒక్కసారి గట్టిగానే అడిగింది. వరదలప్పుడు నేను రెండు రోజులు ఇంటికి రాలేదు, ఫోన్ కలవలేదు, ఆమె పడ్డ టెన్షన్ నాకు తెలుసు. పిల్లల్ని హాస్టల్లో వేసి ఇక్కడే ఉండిపోయాం, అది సులువుగా తీసుకున్న నిర్ణయం కాదు. జీతం అక్కడైనా ఇక్కడైనా అంతే. నా పోస్టు నాతో వస్తుంది, నాకు తెలిసిన ఈ ఊళ్లు నాతో రావు. అక్కడికి పోతే నేను 20 ఏళ్ల సర్వీసు ఉన్న కొత్త లైన్‌మన్‌ని.

కాగితం లెక్క కూడా చెప్పాలి, మా బ్యాచ్ వాళ్లకు పనికొస్తుంది. మేమంతా ఈపీఎఫ్ కింద ఉన్నాం. పెన్షన్ స్కీములో 20 ఏళ్ల సర్వీసు నిండి 58 ఏళ్లు వచ్చినవాళ్లకు పెన్షన్ లెక్కలో రెండేళ్లు అదనంగా కలుపుతారు. పాస్‌బుక్‌లో చేరిన తేదీ, పుట్టిన తేదీ, నామినీ పేరు సరిగ్గా ఉన్నాయా ఇప్పుడే చూసుకోండి. నామినీ సంగతి మరీ మరీ చెప్తున్నా, మా మిత్రుడి ఇంట్లో ఆ తర్వాత కాగితాల కోసం వాళ్లావిడ పడ్డ తిప్పలు దగ్గరుండి చూసినవాణ్ని.

మా సెక్షన్‌కు ఈ మధ్య కొత్త జూనియర్ లైన్‌మన్లు వచ్చారు. ఐటీఐ చదివారు, యాప్‌లో ఎంట్రీలు, మీటర్ రీడింగులు నాకంటే వేగంగా చేస్తారు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు వచ్చిన కంప్లయింటు వాళ్ల ఫోన్లో మ్యాపుతో సహా కనపడుతుంది. మ్యాపులో పోలు ఉంటుంది. ఆషాఢంలో ఆ పోలు దగ్గర నేల దిగబడుతుందని, పోలును లాగి పట్టే స్టే వైరు బిగించకపోతే వంగుతుందని ఉండదు. ఆ ఏబీ స్విచ్ మూడో బ్లేడు ఆలస్యంగా విడిపోతుందని ఉండదు, అది మార్చేదాకా అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలియాలి. ఏ మిల్లులో జనరేటర్ ఉందో ఉండదు. కాక నాతో పాటు నడిచి చూపించాడు కాబట్టి నాకు వచ్చింది, ఆయన రిటైరయ్యేనాటికి సగమే చూపించగలిగాడేమో, మిగతాది వెతుక్కున్నాను.

అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఫీడర్ వారీగా రాయడం మొదలుపెట్టా. సబ్‌స్టేషన్ నుంచి మొదలుపెట్టి ఒక్కో పోలు దగ్గర ఏముంది, ఎటునుంచి పోతే దారి ఉంది, వానాకాలం ఏం చూడాలి, ఏ రైతును పిలిస్తే తలుపు తీస్తాడు, ఏ క్రాసింగ్ దగ్గర రెండు ఎల్‌సీలు తీసుకోవాలి, జనరేటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, అన్నీ. పోయిన ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని కాక దగ్గరికి పోయా. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివించుకున్నాడు, రెండుచోట్ల నాకూ తెలియని సంగతులు చెప్పాడు, ఒకటి పాత లైను తీసేసిన చోట భూమిలో ఇంకా మిగిలి ఉన్న ఎర్త్ పైపు గురించి. కొత్త పిల్లలిద్దరినీ వెంట తీసుకుపోయాను, వాళ్లు ఫోన్లో రికార్డు చేసుకున్నారు.

పస్రా వైపు ఫీడర్ ఇంకా రాయాలి, చల్వాయి దగ్గర అడవిలోకి పోయే లైను కూడా మిగిలింది. వచ్చే ఎండాకాలం గాలిదుమారాలు మొదలయ్యే లోపు పూర్తి చేస్తా. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పనిచేసే అన్నలు ఎవరైనా చదువుతుంటే మీ సెక్షన్‌ది మీరూ రాయండి, రిటైర్మెంటు దగ్గర పడ్డవాళ్లు ముందు రాయండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే నా నోట్‌బుక్‌లో మొదటి పది పేజీల ఫొటోలు పంపిస్తా.